మూత్రం పరీక్షతో ఆస్తమా తెలుస్తుందా?

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్ళు. జలుబు చేసిందంటే చాలు, రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు. ఆస్తమా కావచ్చు, ఇంకాస్త పెద్దయ్యాక ఊదించే పరీక్ష చేద్దాం, అప్పటిదాకా పఫ్ వాడండి అన్నారు డాక్టరు గారు. కెనడాలో ఉన్న మా తమ్ముడేమో అక్కడ మూత్రంతోనే ఆస్తమా కనిపెడుతున్నారు, మెటబాలిక్ ప్రొఫైలింగ్ అంటారు అంటున్నాడు. మనం చేయించొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదమ్మా, కాస్త తొందరపడ్డాడంతే. ఎడ్మంటన్‌లోని అల్బర్టా యూనివర్సిటీ వాళ్ళు పిల్లల మూత్రాన్ని ఎన్‌ఎంఆర్ అనే, అయస్కాంతంతో రసాయనాల్ని గుర్తుపట్టే యంత్రంలో పెట్టి, అందులోని చిన్న చిన్న రసాయనాల పాళ్ళని బట్టి ఆస్తమా ఉన్నవాళ్ళెవరో లేనివాళ్ళెవరో చెప్పగలిగారు. 2011లో అచ్చయింది అది. అంతకు ముందే, 2007లో, ఇటలీలోని పాడువా డాక్టర్లు పిల్లలు వదిలిన ఊపిరిని చల్లబరిచి, అద్దం మీద ఊదితే పట్టే చెమ్మ లాంటి ఆ నీటిని పరీక్షించి ఆస్తమా ఉన్నదెవరికో లేనిదెవరికో నూటికి 86 వరకు సరిగ్గా గుర్తుపట్టారు. అయితే అందులో ఉన్నది ఆస్తమా పిల్లలు 25 మంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు 11 మంది.

నాకు అసలు పేచీ ఆ అంకెలతో కాదు. ఆస్తమా అని ముందే తేలిన పిల్లల్ని, ఏ జబ్బూ లేని పిల్లల్ని పక్కపక్కన పెట్టి తేడా చూపడం ఒకటి. మీ డాక్టరు గారి ముందున్న చిక్కు వేరు: ఈ పిల్లికూతలు ఆస్తమావా, వైరస్ జలుబుతో వచ్చి పోయేవా? పైగా నిన్న తిన్న చేపల పులుసు, జ్వరానికి వేసిన పారాసెటమాల్, పఫ్‌లోని మందు, అన్నీ ఆ శీసాలోకే దిగుతాయి.

అలాగని ఇది ఉత్తుత్తి పరిశోధన కాదు. ల్యూకోట్రయిన్లని ఉంటాయి, శ్వాసనాళాల్ని బిగించేవి, వాటి చివరి రూపం ఎల్‌టీఈ4 మూత్రంలో కనిపిస్తుంది (మాంటెలుకాస్ట్ మందు అడ్డుకునేది వీటి పనినే). ఇస్నోఫీలియా అంటుంటామే, ఆ ఇసినోఫిల్ కణాలు రెచ్చిపోతే బ్రోమోటైరోసిన్ అనే పదార్థం పెరుగుతుంది. అంటే ఆస్తమా ఉందా లేదా అన్నదానికన్నా, ఎవరిది ఏ రకం ఆస్తమా, ఎవరికి ఏ మందు పడుతుంది అని తేల్చడంలో ఇది ఎక్కువ పనికొస్తుందని నా అంచనా.

ఇప్పటికైతే ఏ ల్యాబ్‌లోనూ దీనికి డబ్బు పెట్టకండి. బాబు గట్టిగా, తీరుగా ఊదగలిగే వయసు వచ్చాక, మామూలుగా అయిదారేళ్ళకి, స్పైరోమెట్రీ, అంటే మీ డాక్టరు గారు చెప్పిన ఊదించే పరీక్ష, చేస్తారు, మందు పీల్చాక ఊదే గాలి 12 శాతమో అంతకు మించో పెరిగితే అది ఆస్తమా వైపు మొగ్గే సూచన. ఈలోగా రాత్రి పిల్లికూతలు వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి, చాలాసార్లు క్లినిక్‌కి వెళ్ళేసరికి ఛాతీ శుభ్రంగా ఉంటుంది కదా! పఫ్ వేశాక తగ్గిందా, ఆపితే మళ్ళీ వచ్చిందా రాసి పెట్టండి, మీ అంతట మీరు మాత్రం ఆపకండి. డొక్కలు ఎగరేస్తున్నా, మాట రాకపోయినా, పెదవులు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. ఇంట్లో స్పేసర్ (పఫ్ మందు పిల్లలు సులువుగా పీల్చడానికి తగిలించే గొట్టం) లేకపోతే, పరీక్షకి పెడదామనుకున్న డబ్బుతో ముందు అది కొనండి.