మినహాయింపు భూమికి కాదురా, పనికి

ఒరేయ్ చిన్నా,

పద్మనాభం దగ్గర నీ ఎనభై సెంట్ల మెట్టలో జీడిపప్పు షెడ్డు వేస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. కానీ నాలా, అదే సాగు భూమిని వేరే పనికి మార్చుకోవాలంటే ఫీజు కట్టి పర్మిషన్ తీసుకోమనే చట్టం, తీసేశారు, ఇంక ఎవరి పర్మిషనూ అక్కర్లేదు అన్నావట, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

2006 నాటి ఆ చట్టంలో కొన్నిటికి మినహాయింపు ఉండేది. సర్కారు భూములు, గుడులకీ ధర్మానికీ వాడే భూములు, ఇంకా కులవృత్తి వాళ్ళు సొంత భూమిలో ఎకరం లోపు పెట్టుకునే కుటీర పరిశ్రమ. మన కుండల షెడ్డు దాని కిందే నడిచింది. కుండలు అమ్ముడుపోక సగం షెడ్డు సిమెంటు గోడౌనుకి అద్దెకిచ్చాను, రెండేళ్ళు కూడా నిండలేదు, ఒకరోజు పొద్దున్నే వెళ్తే తలుపు మీద మెతుకులతో అంటించిన నోటీసు, కన్వర్షన్ ఫీజు కట్టు, దాని మీద సగం జరిమానా కూడా కట్టు అని. సారె అక్కడే ఉంది, ఆవం అక్కడే ఉంది, అయినా మన మాట చెల్లలేదు. పని మారిన రోజునే మినహాయింపు పోయిందట, ఆ సంగతి ముందు ఒక్కరూ చెప్పలేదు.

2025లో ఆ చట్టం రద్దయింది, కన్వర్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం తప్పింది, మంచిదే. కానీ ఫీజు పూర్తిగా పోలేదు, ప్లాన్ అప్రూవల్ దగ్గర భూమి విలువలో 4 శాతం డెవలప్‌మెంట్ ఛార్జీ కింద కట్టాలి. ఏ భూమిలో ఏ పని చేసుకోవచ్చో చెప్పే మాస్టర్ ప్లాన్ కూడా అలాగే ఉంది. అందుకని ముందు సర్వే నంబరు పట్టుకుని వీఎంఆర్‌డీఏకి, అదే విశాఖ డెవలప్‌మెంట్ అథారిటీ ఆఫీసుకి వెళ్ళి నీ భూమి ఏ జోన్‌లో ఉందో కాగితం మీద తీసుకో, నోటిమాట నమ్మకు. వ్యవసాయ జోన్ అని వస్తే జీడిపప్పు షెడ్డుకి అందులో ఒప్పుకుంటారా అని రాసి అడుగు, జవాబు కూడా రాతలోనే తీసుకో.

22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడదని పెట్టిన భూముల జాబితా, అది కూడా చూడు. మీ తాతది జిరాయితీయే, సొంత పట్టా భూమే, నాకు తెలుసు, కానీ పక్క బిట్టు సర్కారు ఇచ్చిన డి-పట్టా, సర్వే నంబరు ఒకటే, అలాంటప్పుడు మొత్తం నంబరుని జాబితాలో పెట్టేస్తుంటారు.

మినహాయింపు ఏ పనికి, ఎంత స్థలం దాకా, ఏం చేస్తే పోతుంది, ఈ మూడు ముక్కలూ సచివాలయం గోడ మీద తెలుగులో రాసి పెడితే మనలాంటోళ్ళు ఇన్ని తిప్పలు పడరు, గ్రామసభలో నేను అడుగుతూనే ఉన్నాను, నువ్వూ అడుగు.

రేకులకి అడ్వాన్సు ఇంకా ఇవ్వకు. ఆదివారం భూమి కాగితాలు, అడంగల్, 1బి, ఈసీ పట్టుకుని ఇంటికి రా.

మీ మావయ్య