వీడియో కాల్ పెట్టే ముందు ఒక్క మాట

అమ్మాయీ,

మీ మూడో తరగతి పిల్లల్ని వేరే ఊరి బడి పిల్లలతో ఆన్‌లైన్‌లో మాట్లాడించబోతున్నావని విని సంతోషం వేసింది. కానీ వచ్చే వారమే వీడియో కాల్ పెట్టేస్తానన్నావు చూడు, అది మాత్రం ఆపు. నేనూ అదే చేసి భంగపడ్డాను. అటు నలభై మంది, ఇటు ముప్పై ఎనిమిది మంది, కెమెరా ఆన్ అవ్వగానే అందరూ కలిసి హాయ్ అని అరిచారు, చేతులూపారు, మళ్లీ హాయ్ అన్నారు, ఆ తర్వాత ఏం మాట్లాడాలో వాళ్లకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. వెనక బెంచీవాడు "టీచర్, అయిపోయిందా?" అనడిగాడు. నిజంగానే అయిపోయింది.

పిల్లలకి ముందు కావాల్సింది పరిచయాలు కాదు, ఒక పని. అవతలివాళ్ల జవాబు రాకపోతే ముందుకు సాగని పని. నీడలు కొలవడం తీసుకో. మీటరు కర్రని ఎండలో నిటారుగా నిలబెట్టి, మిట్టమధ్యాహ్నానికి అటూ ఇటూ పది నిమిషాలకోసారి నీడ కొలవాలి. అన్నిటికన్నా పొట్టి నీడ ఎంత, ఎన్ని గంటలకి పడింది అన్నది ఒకరికొకరు రాసి పంపుకోవాలి. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కదా, గడియారంలో ఒకే టైము చూపించే రెండు ఊళ్ల మధ్య రేఖాంశంలో 10 డిగ్రీల తేడా ఉంటే ఆ పొట్టి నీడ 40 నిమిషాల తేడాతో పడుతుంది. ఇది నువ్వు చెప్పేయకు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఊరుకో.

మా రెండు ఊళ్లూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, అంటే ఒకే రోజున కొలిస్తే పొట్టి నీడ పొడవు ఇద్దరికీ దాదాపు ఒకటే రావాలి, అయినా వాళ్ల నీడ మాకన్నా బాగా పొట్టిగా వచ్చింది. అబద్ధం రాశారని మావాళ్లు ఒకటే గోల. ఒక పిల్ల మాత్రం "మీ కర్ర ఎంత లోతు పాతారో అడగండి టీచర్" అంది. అడిగాం. రెండ్రోజులకి జవాబొచ్చింది, బెత్తెడు లోపలికి దిగిందట! కర్ర మీటరుదే, పైకి కనిపించేది మీటరు లేదు. వాళ్లు మళ్లీ కొలిచారు, ఈసారి మమ్మల్ని కూడా "మీది నిటారుగానే ఉందా?" అని నిలదీశారు. హాయ్‌ల రోజున నేను ఆశపడిన చర్చ ఇదిగో, ఇలా వచ్చింది.

అందుకే ముందు రాతతో మొదలుపెట్టు. ఫ్రాన్స్‌లో సెలెస్టిన్ ఫ్రెనే అనే పల్లెబడి టీచరు 1920ల్లోనే పిల్లలు రాసుకున్నవి వాళ్లచేతే అచ్చు వేయించి దూరపు బడికి పోస్టులో పంపేవాడు. పోస్టు ఆలస్యం వల్ల మేలే జరిగి ఉంటుందని నాకనిపిస్తుంది, ఎదురుచూసి అందుకున్న ఉత్తరాన్ని పిల్లలు ఊరికే పక్కన పడేయరు. అలాగని మరీ సాగదీయకు. వారం దాటితే మా పిల్లలకి అడిగిన ప్రశ్నే గుర్తుండేది కాదు. సెలవులూ పరీక్షలూ ఎప్పుడెప్పుడో అవతలి టీచరుతో ముందే ఫోన్‌లో మాట్లాడుకో, సగం తలనొప్పులు అక్కడే పోతాయి.

నలుగురైదుగురికి ఒక గుంపు, గుంపుకి ఒక సందేశం. పిల్లలకి విడివిడిగా అకౌంట్లు వద్దు, తరగతికి ఒకటే, అది నీ చేతిలో. ఇంటిపేర్లు, ఫోన్ నంబర్లు, ఫోటోలు ఏవీ వెళ్లకూడదు, తల్లిదండ్రులకి ముందే చెప్పి ఒప్పుకోలు రాయించుకో. ప్రతి సందేశం నువ్వు చదివాకే పంపు, కానీ ఎర్ర పెన్ను తీయకు. అక్షరదోషాలన్నీ దిద్దితే అది నీ ఉత్తరం అవుతుంది, అవతలి పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు. అర్థం కాని చోట "ఇది వాళ్లకి తెలుస్తుందంటావా?" అని అడిగితే చాలు, వాళ్లే మళ్లీ రాస్తారు.

ఎవడో ఒకడు వెక్కిరింతగా రాస్తాడు, టెన్షన్ పడకు. మావాడొకడు "మీకు కొలవడం కూడా రాదు" అని రాస్తే, పంపకుండా వాడి చేతికే ఇచ్చి, ఇది మనకి వచ్చిందనుకుని పైకి చదవమన్నాను. సగంలో ఆపి రబ్బరు అడిగాడు.

నాలుగైదు ఉత్తరాలు అటూ ఇటూ నడిచాక అప్పుడు పెట్టు వీడియో కాల్. ఇరవై నిమిషాలు చాలు, గదిలో ఒకటే మైకు ఆన్‌లో ఉండాలి, లేకపోతే చెవులు పగులుతాయి. ఆ కర్ర కూడా దగ్గర పెట్టుకో, అవతలివాళ్లు ముందు దాన్నే చూపించమంటారు.