చెమట పట్టని జెర్సీని రోజూ ఎందుకు ఉతుకుతున్నారమ్మా?

సికింద్రాబాద్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించాను: "మా వారికి 29 ఏళ్లు. పదేళ్లుగా ఫుట్‌బాల్ ఆడుతున్నారు, స్టాపర్ బ్యాక్, అంటే గోల్ ముందు నిలబడి అడ్డుకునే డిఫెండర్. మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయింది. ఈలోగా కాంట్రాక్ట్ గడువు అయిపోతే క్లబ్ మళ్లీ తీసుకోలేదు, రెండు నెలల జీతం కూడా బాకీ పెట్టింది. ఈ సంగతి నాకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలీదు. జీతం వస్తోందని, ఇక్కడే ఉండి కోలుకోమన్నారని మా బావగారితో చెప్పారు. నాలుగు నెలలుగా పొద్దున్నే కిట్ బ్యాగ్ తీసుకుని వెళ్లి గ్రౌండ్ గట్టు మీద కూర్చుని, వచ్చేముందు కుళాయి దగ్గర జెర్సీ తడుపుకుని వస్తారు. నెలకి 20 వేలు బావగారి చేతికివ్వడం అలవాటు కాబట్టి నా గాజులు తాకట్టు పెట్టాం. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఇప్పిస్తానని ఒకాయన మూడు లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?"

ఇవ్వొద్దు. ఒక్క రూపాయి కూడా. స్పోర్ట్స్ కోటాలో రైల్వే పిలిచే పోస్టులకి 25 ఏళ్లు దాటితే అప్లికేషనే తీసుకోరు, ఆ పెద్దమనిషికి ఈ సంగతి తెలిసే అడుగుతున్నాడు. బాకీ జీతం సంగతి వేరు, అది మీ హక్కు. కాంట్రాక్ట్ కాపీ, బ్యాంక్ స్టేట్‌మెంట్ పెట్టుకుని ముందు క్లబ్‌కి రాతపూర్వకంగా అడగండి, పలకకపోతే ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్‌లో ప్లేయర్స్ స్టేటస్ కమిటీ ఉంది, అక్కడ ఫిర్యాదు చేయండి. ఆటగాళ్ల సంఘం కూడా ఉంది, సాయం అడగడానికి మొహమాటపడకండి. మీరడిగిన దానికి జవాబు ఇంతే.

ఇప్పుడు మీరు అడగనిది. మూడు పేజీల ఉత్తరంలో మోకాలి గురించి నాలుగు లైన్లు రాశారు, ఉద్యోగం గురించి ఒక పేరా. మిగతాదంతా బావగారే. నాన్న పోయాక ఆయన ఆట మానేసి పంక్చర్ షాపులో చేరడం, తమ్ముడికి మొదటి స్టడ్స్ బూట్లు కొనివ్వడం, ఇప్పటికీ సాయంత్రం షాపు నుంచి రాగానే చేతులు కూడా కడుక్కోకుండా "ఎట్లుందిరా మోకాలు?" అని అడగడం, మీ ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా "మంచిగైతుందన్నా" అనడం. అమ్మా, మీ ఇంట్లో సమస్య ఉద్యోగం కాదు, ఆ "మంచిగైతుందన్నా" అన్న మాట.

అన్నకి డబ్బివ్వడం తప్పని నేనెప్పుడూ అనను. తండ్రి లేని ఇంట్లో పెద్దన్న అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, తమ్ముడు ఆయనకి జీవితాంతం చేసినా తక్కువే. కానీ మీ ఆయన ఇప్పుడు చేస్తున్నది కృతజ్ఞత కాదు. అన్నని షావుకారుని చేసి నెలనెలా వాయిదా కడుతున్నాడు. "జెర్సీ ఒంటి మీద ఉన్నంతవరకే నేను మా అన్నకి తమ్ముణ్ణి" అని మనసులో అనుకోకపోతే ఈ నాటకం ఎందుకు? ఆ మనిషి ఆట మానేసింది తమ్ముడి కోసం, జీతం కోసం కాదు. అలాంటి మనిషికి ఇంతకన్నా పెద్ద అవమానం ఉందా చెప్పండి.

మా నాన్న నన్ను చిన్నప్పుడు మ్యాచ్‌లకి తీసుకెళ్లేవారు. నాకు గుర్తుండిపోయింది గోల్స్ కాదు, స్టాపర్ల గొంతులు. వెనకాల నిలబడి తొంభై నిమిషాలూ అరుస్తూనే ఉంటారు, లైన్ పైకి జరగమని, నీ వెనక మనిషున్నాడని, బంతి నాది వదిలెయ్యమని. గ్రౌండంతా కనపడేది గోల్‌కీపర్‌కీ వాళ్లకే కాబట్టి వాళ్లు నోరు తెరవకపోతే జట్టు మునిగినట్టే. పదేళ్లు అలా అరిచిన మనిషి ఇంట్లో మాత్రం టీవీకేసి చూస్తూ మూడు ముక్కలు అంటున్నాడు.

దీనికి మోకాలు కూడా మూల్యం కడుతోంది, అదే నా అసలు భయం. లిగమెంట్ ఆపరేషన్ తర్వాత దాదాపు తొమ్మిది నెలలు ఫిజియో దగ్గర క్రమంగా వ్యాయామం చేయాలి, గట్టు మీద కూర్చుంటే కండ పెరగదు. ఇండియాకి ఆడిన స్టాపర్ సందేశ్ జింగన్‌కి 2019 అక్టోబర్‌లో మోకాలు దెబ్బతింటే ఆ సీజన్ మొత్తం పోయింది, అయినా తర్వాత మళ్లీ ఇండియన్ సూపర్ లీగ్ ఆడి 2021లో క్రొయేషియా క్లబ్‌కి కూడా వెళ్లాడు. 29 అంటే స్టాపర్‌కి ముసలితనమేమీ కాదు. మలప్పురం జిల్లా నుంచి వచ్చిన స్టాపర్ అనస్ ఎడతొడిక ఒకప్పుడు ఆటో నడిపిన కుర్రాడు, 2017లో మొదటిసారి ఇండియా జెర్సీ వేసుకునేసరికి 30 ఏళ్లు. మీ ఆయన ఆడగలరో లేదో డాక్టర్, ఫిజియో చెప్పాలి. ఆడలేకపోతే ఫెడరేషన్ డి లైసెన్స్ కోచింగ్ కోర్సుతో మొదలుపెట్టొచ్చు. ఏదైనా సరే, దెబ్బ ఎంతుందో నలుగురికీ తెలిశాకే.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన స్టాపర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లు పడ్డాయి. మన హైదరాబాద్ రహీం సాబ్ కోచ్. ఆ కుట్లతో ఉన్న మనిషిని వెనక ఆడించకుండా ఫార్వర్డ్‌గా ముందుకి పంపితే, ఫైనల్లో దక్షిణ కొరియా మీద గోల్ కొట్టాడు, 2-1తో బంగారు పతకం మనది. దెబ్బ ఏమిటో తెలుసు కాబట్టి రహీం సాబ్ ఆ మనిషికి ఇంకో చోటు చూడగలిగారు. మీ బావగారు కూడా ఆడిన మనిషే కదా, ఆయనకి ఆ అవకాశం ఇవ్వరేం?

మీ మీద కూడా కోపంగా ఉంది నాకు. పుట్టింటివాళ్లు పెట్టిన గాజులమ్మా అవి. తోటికోడలు అడిగితే పాలిష్‌కి ఇచ్చానన్నారట. భర్త పరువు కాపాడుతున్నాననుకుంటున్నారు గానీ, మీ చేతి బంగారంతో ఆయన అబద్ధానికి జీతమిస్తున్నారు. ఇంకో నెల కూడా ఇవ్వొద్దు.

ఆదివారం షాపు మధ్యాహ్నం దాకే అని రాశారు కదా, ఆ రోజు షట్టర్ దించే వేళకి మీ ఆయన ఒక్కరే అక్కడికి వెళ్లాలి. మీరు వెళ్లకండి, మీ మాటగా కూడా చెప్పించకండి, అన్నదమ్ముల మధ్య వదినలూ మరదళ్లూ లేని చోట ఆ మాట రావాలి. తాకట్టు రసీదు ఆయన జేబులో పెట్టి పంపండి. వెళ్లనంటే గొడవపడకండి, బతిమాలకండి. పొద్దున్న ఆయన తడుపుకొచ్చిన జెర్సీని మాత్రం సర్ఫ్ నీళ్లలో వేయకండి, అందరూ నడిచే వరండాలో కుర్చీ మీద అలాగే ఉంచండి.