ఆ మెట్లను ఖాళీగానే ఉండనివ్వు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ రాక్ బృందం ఇటలీలోని పాంపే శిథిలాల నడుమ, ఎదురుగా ఒక్క శ్రోత కూడా లేకుండా వాయించిన ఆ కచేరీ చిత్రం గురించి తెలుగులో ఇంత శ్రద్ధగా రాయాలని నీ వయసువాళ్లకు అనిపించడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. నేను దాన్ని మొదట చూసింది ఒక స్నేహితుడి గదిలో, గీతలు పడిన వీడియో క్యాసెట్‌లో. పాడే మాటల్లో సగం అర్థం కాలేదు, నలుగురిలో ఎవరి పేరేమిటో తెలియదు. అయినా ఆ ఆంఫీథియేటర్‌లోని, అంటే చుట్టూ మెట్లున్న ఆరుబయలు ప్రదర్శనశాలలోని, రాతి మెట్లు చాలాకాలం నా కళ్లలోంచి పోలేదు. కాబట్టి నీ ఉత్సాహం ఎక్కడి నుంచి పుట్టిందో నాకు తెలుసు, అది తగ్గాలని నేను కోరను.

నన్ను ఇబ్బంది పెట్టింది ఒక్కటే. దర్శకుడు ఏడ్రియన్ మేబెన్ ఎంతో కష్టపడి ఖాళీగా ఉంచిన చోటును నువ్వు మొదటి పేరాలోనే నింపేశావు. ఎన్నడో అగ్నిపర్వతానికి బలైన వేలాది ఆత్మలు ఆ మెట్ల మీద కూర్చుని సంగీతం విన్నాయని రాశావు. చదవడానికి అందంగానే ఉంది. కానీ ఆ చిత్రంలో ఎవరూ కూర్చోలేదు. కూర్చోకపోవడమే దాని విషయం. ఆత్మలనైనా సరే తెచ్చి అక్కడ కూర్చోబెడితే అది మళ్లీ మామూలు కచేరీ అయిపోతుంది.

మేబెన్ ఈ కచేరీని చిత్రీకరించింది 1971లో. అంతకుముందు ఏడాది, 1970లో, అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవం మీద తీసిన చిత్రం వచ్చింది. అందులో వేదిక మీదివాళ్లతో సమానంగా జనమూ కథానాయకులే: బురదలో ఆడేవాళ్లు, వానలో తడిసేవాళ్లు, చప్పట్లు, కేకలు. ఆ తరువాత కచేరీని చిత్రీకరించడమంటే జనాన్ని చిత్రీకరించడమే అన్నట్టయింది. మేబెన్ దానికి సరిగ్గా ఎదురుగా నడిచాడు. ఆయనకు ఈ ఆలోచన తట్టిన తీరు నీ వ్యాసంలో లేదు, ఉండాలి. 1971 వేసవిలో పాంపే చూడడానికి వెళ్లినప్పుడు ఆయన పాస్‌పోర్ట్ పోయింది. దాన్ని వెతుక్కుంటూ చీకటి పడే వేళ తిరిగి ఆంఫీథియేటర్‌లోకి వెళితే, సందర్శకులందరూ వెళ్లిపోయి, కీటకాల చప్పుడూ గబ్బిలాల రెక్కలూ తప్ప ఏమీ లేని ఆ నిశ్శబ్దం ఆయనను పట్టుకుంది. సంగీతాన్ని అక్కడికి తేవాలన్న ఆలోచన ఆ నిశ్శబ్దంలోంచే వచ్చింది. నీ వ్యాసాన్ని అగ్నిపర్వతంతోనో, బృందం పుట్టుపూర్వోత్తరాలతోనో కాక, పాస్‌పోర్ట్ కోసం మెట్ల మీద వంగి వెతుకుతున్న ఆ మనిషితో మొదలుపెట్టి చూడు.

ఆ మెట్ల చరిత్రలో నువ్వు వదిలేసిన మరో సంగతి ఉంది. క్రీస్తుపూర్వం 70 ప్రాంతంలో రాతితో కట్టిన ఆ ఆంఫీథియేటర్‌లో సుమారు ఇరవై వేలమంది కూర్చునేవారు. రోమన్ల రాతి ఆంఫీథియేటర్లలో నేడు మనకు మిగిలినవాటిలో అదే పాతది. క్రీస్తుశకం 59లో అక్కడ యోధుల పోటీ జరుగుతుండగా పాంపే వాళ్లకూ, పొరుగూరు నుకేరియా నుంచి వచ్చినవాళ్లకూ మాటలు పెరిగి, మాటలు రాళ్లయి, రాళ్లు కత్తులై, ఎంతోమంది ప్రాణాలు పోయాయి. రోమ్ సెనేట్ అక్కడ అలాంటి ప్రదర్శనలను పదేళ్లపాటు నిషేధించింది. ఈ సంగతి చరిత్రకారుడు టాసిటస్ రాసిపెట్టాడు. ఆ కొట్లాటను చూపే కుడ్యచిత్రం నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. అంటే నువ్వు ఆత్మలతో నింపాలనుకున్న ఆ చోటు, ప్రేక్షకులు ప్రేక్షకులనే చంపుకున్న చోటు. ఇరవై ఏళ్ల తరువాత, 79లో, వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిద దాన్ని పూర్తిగా మూసేసింది. ఇన్ని అరుపులు విన్న చోట నలుగురు మనుషులు ఎవరి కోసమూ కాకుండా వాయిస్తున్నారని చెప్పగలిగితే ఆత్మల అవసరం నీకు రాదు.

ఇక నిజానిజాల సంగతి. వ్యాసంలో మూడుచోట్ల నువ్వు చూసినదానికంటే ఊహించినది ఎక్కువ రాశావు.

మొదటిది ప్రతిధ్వని. శిథిలాలే వాళ్ల సంగీతానికి ప్రతిధ్వని ఇచ్చాయన్నావు. ఖాళీ రాతికట్టడంలో ధ్వని మారే మాట వాస్తవమే. జనం ఉంటే వాళ్ల ఒళ్లూ బట్టలూ కొంత శబ్దాన్ని పీల్చుకుంటాయి, రాయి దాన్ని తిప్పికొడుతుంది. అయితే ఆ బృందం సంగీతంలో మనకు వినిపించే ప్రతిధ్వనిలో చాలా భాగం బిన్సన్ ఎకోరెక్ అనే పెట్టెలోంచి వచ్చింది. లోపల తిరిగే అయస్కాంత చక్రం మీద శబ్దాన్ని రాసి, కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే యంత్రం అది. ఇటలీలోని మిలాన్‌లో తయారయ్యేది. ఇటలీలో పుట్టిన యంత్రం లండన్ కుర్రాళ్ల చేతుల్లో పడి, లారీలో తిరిగి ఇటలీకి వచ్చి, రోమన్ల రాళ్ల మధ్య పలికింది. నీ ఊహకంటే ఈ నిజం ఎంత బాగుందో చూడు. యంత్రం పేరు చెబితే కవిత్వం పోతుందని భయపడకు.

రెండవది, చిత్రమంతా పాంపేలోనే తీశారన్నావు. కాదు. 1971 అక్టోబరు తొలివారంలో అక్కడ తీసినవి 'ఎకోస్', 'ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్', 'వన్ ఆఫ్ దీజ్ డేస్' మాత్రమే. మిగతావి ఆ డిసెంబరులో పారిస్ స్టూడియోలో తీశారు. దీన్ని కనుక్కోవడానికి పుస్తకాలు కూడా అక్కర్లేదు: పాంపేలో కీబోర్డుల ముందు కూర్చున్న రిచర్డ్ రైట్‌కు గడ్డం ఉంది, పారిస్ భాగంలో లేదు. గడ్డం సంగతి చిన్నదే కావచ్చు. కానీ ఒక చిత్రం మీద నాలుగు పేజీలు రాసేవాడు దాన్ని గమనించలేదంటే పాఠకుడు మిగతా మాటలను కూడా నమ్మడు. పారిస్ భాగం వల్ల చిత్రం విలువ తగ్గుతుందని నేననుకోను. కుక్క ఊళకు తోడుగా మౌతార్గన్ వాయించిన ఆ చిన్న పాట మాత్రం ఈ చిత్రంలో ఇమడలేదని నా అభిప్రాయం; దాని మీద నువ్వు వెచ్చించిన పేరా తీసేయవచ్చు.

మూడవది, తెలుగు పాఠకుడికి అన్నిటికంటే ముఖ్యమైనది. తెర మీద పాటంటే మనకు ముందే రికార్డు చేసినది. సెట్లో పాట మోగుతుంటే నటులు పెదవులు కదిపేవారు, చేతిలో వీణ ఉన్నా గిటారున్నా వేళ్లు ఉత్తుత్తిగానే కదిలేవి. అలవాటుకొద్దీ మన పాఠకుడు ఇక్కడా అదే జరిగిందనుకుంటాడు. పింక్ ఫ్లాయిడ్ వాళ్లు మాత్రం అలా నటించబోమని, అక్కడికక్కడే వాయిస్తామని పట్టుబట్టారు. అందుకే కచేరీల్లో వాడే సరంజామా మొత్తం లండన్ నుంచి లారీలో వచ్చింది. నేపుల్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఒకాయన, ఈ బృందం సంగీతాన్ని ప్రేమించినవాడు, అధికారులను ఒప్పించి ఆ ప్రాంగణాన్ని ఆరు రోజులు మూయించాడు. తీరా చూస్తే అక్కడి కరెంటు ఆ యాంప్లిఫయర్లకు చాలలేదు. చివరికి ఊళ్లోంచి వీధుల వెంట పొడవాటి కేబుల్ లాక్కొచ్చేసరికి విలువైన రోజులు గడిచిపోయాయి. పెదవులు కదిపితే చాలనుకుంటే ఈ అవస్థ ఏదీ లేదు. తరువాత పారిస్‌లో గాత్రం కొంత సరిదిద్దారు, అది కూడా దాచకుండా రాయి.

ఇప్పుడు అసలు పని, అంటే చూపు. 'వన్ ఆఫ్ దీజ్ డేస్' గురించి రాస్తూ డ్రమ్మర్ నిక్ మేసన్‌ను దర్శకుడు ప్రత్యేకంగా గౌరవించాడన్నావు. కెమెరా ఆయన మీదనే ఎక్కువసేపు నిలిచిన కారణం వేరు: ఆ పాటకు తీసిన ఫిల్మ్ డబ్బాలు కొన్ని పోయాయి, మిగిలినదాంట్లో ఎక్కువగా ఉన్నది మేసనే. ఆ పోగొట్టుకోవడమే మనకు ఒక అపురూపమైన దృశ్యం ఇచ్చింది. వాయిస్తూ వాయిస్తూ ఆయన చేతిలోంచి పుల్ల జారిపోతుంది; తల తిప్పకుండా, లయ తప్పకుండా ఇంకో పుల్ల అందుకుంటాడు. నువ్వు దాన్ని ప్రస్తావించలేదు. ఆ రెండు క్షణాలను ఉన్నవి ఉన్నట్టు రాస్తే, "అద్భుతమైన లయజ్ఞానం" అన్న నీ మాటతో పనుండదు. నీ వ్యాసంలో "అద్భుతం" పదకొండుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను.

అలాగే ట్రాలీ షాట్లు, అంటే చక్రాల బండి మీద కెమెరాను జరుపుతూ తీసిన దృశ్యాలు. కెమెరా స్పీకర్ల ముందు నుంచి కాక వాటి వెనక నుంచి నెమ్మదిగా సాగుతుంది. బృందం పేరు అచ్చుగుద్దిన నల్లటి పెట్టెలు ఒక్కొక్కటే దాటుతుంటాయి. చొక్కాల్లేని సిబ్బంది ఎండలో చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. శ్రోత కూర్చోవలసిన చోట నుంచి కాక, ఏ శ్రోతా నిలబడలేని చోట నుంచి మనం చూస్తున్నాం. నాకు తెలిసినంతలో ఈ చిత్రం ప్రాణం అక్కడ ఉంది. ముఖాలకు ఇచ్చినంత సమయం పెట్టెలకూ, తీగలకూ, ఇసుకకూ ఇచ్చారు. నువ్వు కూడా ఇవ్వు. సుమారు ఇరవై మూడు నిమిషాల 'ఎకోస్' పాటను రెండు ముక్కలు చేసి ఒకదాన్ని చిత్రం మొదట్లో, మరొకదాన్ని చివర ఎందుకు పెట్టారో ఆలోచించి రాయి. ఆ ప్రశ్న నీ వ్యాసానికి వెన్నెముక కాగలదు.

సంగీతాన్ని తెలుగులో చెప్పడానికి నువ్వు పడిన తపన నాకు నచ్చింది. గిటారిస్టు డేవిడ్ గిల్మర్ తీగను పక్కకు లాగి స్వరాన్ని పైకి జరిపేచోట "గమకం" అన్నావు. వీణ మీద తీగ లాగి చేసే పనికి అది దగ్గరగా ఉంది కనుక ఉంచు. 'ఎకోస్' ఆరంభాన్ని "ఆలాపన" అనడం మాత్రం కుదరదు. ఆలాపన రాగాన్ని విప్పుకుంటూ పోతుంది. ఇక్కడ జరుగుతున్నది, తిరిగే స్పీకర్‌లోంచి పంపిన ఒక్క పియానో స్వరం, మధ్యలో చాలా ఖాళీ వదిలి, మళ్లీ మళ్లీ పడడం. ఆ వాక్యమే రాస్తే చాలు. మన మాట చేసే పనీ అక్కడ జరిగే పనీ ఒకటైనప్పుడు మన మాట వాడాలి; కానప్పుడు జరిగినది చెప్పాలి.

హంపి పోలిక కూడా తీసేయమని నా సలహా. పాఠకుడికి దగ్గర చేయాలన్న నీ ఉద్దేశం మంచిదే. అయితే హంపి కాలిన తీరు వేరు, దాని దుఃఖం వేరు. దానిమీద నీకు రాయాలని ఉంటే విడిగా రాయి, నేను ఇష్టంగా చదువుతాను. ఈ వ్యాసంలో మాత్రం పాంపేను పాంపేలోనే ఉండనివ్వు.

చివరి పేజీలో 2016 కచేరీ ప్రస్తావన తెచ్చావు. అది అవసరం, కానీ తొందరపడి ముగించావు. నలభై అయిదేళ్ల తరువాత గిల్మర్ అదే చోటికి వచ్చి వాయించాడు. ఈసారి ఎదురుగా జనం ఉన్నారు. అప్పటికి రైట్ చనిపోయి ఎనిమిదేళ్లు. 1971లో ఖాళీగా ఉన్నది మెట్ల మీద. 2016లో ఖాళీ వేదిక మీద ఉంది, కీబోర్డుల దగ్గర. 2025లో ఆ పాత 35 ఎం.ఎం. నెగెటివ్‌ను శుభ్రం చేసి మళ్లీ సినిమాహాళ్లకు తెచ్చినప్పుడు రైట్ ముఖంలో ఇరవై ఎనిమిదేళ్ల వయసు ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చూశావు కదా. ఆ ముఖాన్ని వర్ణించు. తరువాత 2016 కచేరీకి వెళ్లు.

తిరగరాసే ముందు చిత్రాన్ని ఒకసారి శబ్దం పూర్తిగా ఆపి చూడు, మరోసారి కళ్లు మూసుకుని విను. రెండుసార్లూ పక్కన కాగితం పెట్టుకుని కనిపించినవీ వినిపించినవీ మాత్రమే రాసుకో. ఆ కాగితాలు కూడా వ్యాసంతోపాటు పంపించు.