ట్రైనర్ మధ్యలో మానేశాడు, డబ్బులు ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది తిరుపతి, భవానీ నగర్. దగ్గర్లోని జిమ్‌లో చేరితే వాళ్లే ఒక పర్సనల్ ట్రైనర్‌ని చూపించారు. ఆరు నెలలకు 30 వేలు అతని నంబరుకే ఫోన్‌పే చేశాను. రెండు నెలలు చేయించి ఎక్కడికో వెళ్లిపోయాడు. జిమ్ వాళ్లు "అది మీరూ ఆయనా చూసుకోవాలి" అంటూ రసీదు మీద 'నో రీఫండ్' చూపిస్తున్నారు. 420 కేసు పెట్టొచ్చా? ఈసారి ట్రైనర్‌ని ఇంటికే పిలిపించుకోవాలనుకుంటున్నా, ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: 420 సంగతి ముందు తేల్చేద్దాం. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 318(4) అయింది, కానీ నంబరు మారినా రుజువు చేయాల్సింది మారలేదు, డబ్బు తీసుకున్న రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించాలి. రెండు నెలలు వచ్చి స్క్వాట్లు చేయించిన మనిషి మీద అది నిలబడదు. స్టేషన్‌కి వెళితే "ఇది సివిల్ మ్యాటరమ్మా" అని పంపించేస్తారు, ఈ విషయంలో వాళ్లు చెప్పేది కరెక్టే.

మీరు వెళ్లాల్సింది వినియోగదారుల కమిషన్‌కి. జరగని నాలుగు నెలలకు మీ లెక్క 20 వేలు. 'నో రీఫండ్' చూసి భయపడకండి, మీరు మనసు మార్చుకుని మానేస్తే ఆ మాట గురించి వాదించుకోవచ్చు గానీ, వాళ్లే చేయని పనికి డబ్బు ఉంచేసుకోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపం.

అసలు తిరకాసు మీరు ఎవరికి కట్టారన్న దగ్గరుంది. డబ్బు ట్రైనర్ ఖాతాలో పడింది కాబట్టి జిమ్ తప్పించుకోవాలని చూస్తుంది. కానీ గోడ మీద అతని ఫొటో, కింద రేట్లు, జిమ్ పేరున్న టీషర్టు, "మేడమ్, రేపట్నుంచి సార్ ఆరింటికి వస్తారు" అని రిసెప్షన్ నుంచి వచ్చిన వాట్సాప్ మెసేజ్, ఇలాంటివి ఉంటే అతను తమ మనిషేనని మిమ్మల్ని నమ్మించింది జిమ్మే. 1872 కాంట్రాక్టు చట్టం 237వ సెక్షన్ చెప్పేది ఇదే. ఆ ఫొటో ఇంకా గోడ మీద ఉంటే ఇవాళే వెళ్లి మీ ఫోన్‌లో తీసుకోండి, నోటీసు అందాక అది ఉండదు. చాట్‌లు డిలీట్ చేయొద్దు, ఫోన్ మార్చినా పాతది దాచిపెట్టండి.

ముందు ఇద్దరికీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి కూడా ఫోన్ చేయండి, చాలా గొడవలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. 5 లక్షల లోపు ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు (నా వృత్తికి నష్టమే అయినా చెప్పాలిగా). రెండేళ్ల లోపు వేయాలి. ట్రైనర్ ఏ బెంగళూరుకో వెళ్లిపోయినా మీరుండే చోటే వేయొచ్చు.

ఇక కొత్త ట్రైనర్. డాక్టర్లకున్నట్టు వీళ్లకి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఏమీ లేదు, ఎవరైనా ట్రైనర్‌నని బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి సర్టిఫికెట్ చూపిస్తే ఊరుకోకుండా దాని నంబరు ఇచ్చిన సంస్థ దగ్గర సరిచూసుకోండి, ఇప్పుడు అతని దగ్గర చేస్తున్న ఇద్దరితో మాట్లాడండి. ఇంటికొస్తే వినియోగదారుల చట్టం వర్తించదేమోనని కొందరికి అనుమానం. మీరు జీతమిచ్చి మీ కిందే పెట్టుకున్న మనిషైతే వర్తించదు. పొద్దున మీ ఇల్లు, తర్వాత ఇంకొకరి ఇల్లు తిరుగుతూ ఫీజు తీసుకునే ట్రైనర్‌కి వర్తిస్తుంది. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా స్పష్టంగా చెప్పింది.

స్టాంపు పేపర్ అక్కర్లేదు, వాట్సాప్‌లో ఇలా పెట్టి అతనితో "ఓకే" అనిపించుకోండి: "నెలకి 12 సెషన్లు, ఫీజు ఇంత, ఏ నెలకానెల ఇస్తాను. మీరు రాని రోజుకి బదులు రోజు, మానేస్తే మిగిలిన డబ్బు వారంలో వాపస్. నాకు మోకాలి నొప్పి ఉంది." చివరి వాక్యంలో మీకున్న ఇబ్బంది ఏదైతే అది రాయండి, తర్వాత దెబ్బ తగిలితే "నాకు చెప్పలేదు" అనే వీలుండదు. లేబుల్ లేని పౌడర్ డబ్బాగానీ, "త్వరగా రిజల్ట్ వస్తుంది" అంటూ ఇంజెక్షన్‌గానీ తెస్తే ఆ రోజే మాన్పించేయండి. లైసెన్స్ లేకుండా మందులమ్మడం 1940 డ్రగ్స్ చట్టం కింద నేరం, అప్పుడు డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కే ఫిర్యాదు చేయొచ్చు.