మంచు మీది గుడారంలో ఆరిపోతున్న హీటరు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని మిన్నెసోటాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ శీతకాలంలో సరస్సులు గడ్డకట్టాక ఆ గడ్డకు రంధ్రం తొలిచి, పైన చిన్న గుడారం వేసుకుని గాలం వేస్తారు. గుడారంలో వెచ్చదనానికి వాడు చేత పట్టుకెళ్లే ప్రొపేన్ హీటరు పెట్టుకుంటాడు. ఈ ఏడాది అది ఒక్కోసారి మీట వదలగానే, ఒక్కోసారి అరగంట మండి ఆరిపోతోందట. లోపల ఉన్న సెన్సరును తప్పించి కలిపేస్తే సరిపోతుందని స్నేహితుడొకరు చెప్పారట. అలా చేయవచ్చునా? వచ్చేటప్పుడు ఆ హీటరును ఇంటికి తెస్తానంటున్నాడు. కొలాబ్ జలాశయం ఒడ్డున రాత్రి చేపలకు వెళ్లేటప్పుడు మన వంటగ్యాస్ సిలిండరుకు దాన్ని తగిలించుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, జయపురం, కోరాపుట్ జిల్లా

జవాబు: అయ్యా, స్నేహితుడు చెప్పిన పని ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దని ఈ రోజే మీ అబ్బాయికి ఫోను చేసి చెప్పండి. మిగిలిన విషయాలు నింపాదిగా మాట్లాడుకోవచ్చు. హీటరు ఆరిపోవడం ప్రతిసారీ చెడిపోయినందువల్ల కాదు. కొన్నిసార్లు అది తన పని సరిగ్గా చేస్తున్నందువల్లనే ఆరిపోతుంది. ఏది ఎప్పుడు జరుగుతోందో తెలుసుకోవాలంటే, వెలిగించిన ఎంతసేపటికి, ఏ తీరున ఆరుతోందో గమనించడమే దారి.

మీట వదలగానే ఆరితే అది థర్మోకపుల్‌కు సంబంధించినది. పైలట్ మంటలో, అంటే పెద్ద మంటను అంటించడానికి ముందుగా వెలిగే చిన్న మంటలో, ఉండే ఈ చిన్న లోహపు కడ్డీ వేడెక్కినప్పుడు కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్తు పుడుతుంది, ఆ కొద్దిపాటి విద్యుత్తే గ్యాస్ వాల్వును తెరిచి ఉంచుతుంది. కడ్డీ చల్లగా ఉన్నంతసేపు మనం మీటను నొక్కిపట్టాలి. మామూలుగా అర నిమిషం చాలు. గడ్డకట్టే చలిలో ఇంకొంతసేపు పట్టుకోవాలి. అప్పటికీ నిలవకపోతే కడ్డీ కొనకు మసి పట్టిందేమో, పైలట్ మంట దాన్ని తాకుతోందో లేదో, కడ్డీ నుంచి వాల్వుకు వెళ్లే తీగ బిగింపు వదులైందేమో చూడాలి. పైలట్ మంట నీలంగా, నిటారుగా కాక పసుపుపచ్చగా, బలహీనంగా ఉంటే గాలి తీసుకునే రంధ్రంలో దుమ్మో సాలెగూడో చేరి ఉంటుంది. వేసవి అంతా మూలన పడి ఉన్న హీటరుకు ఇది చాలా తరచుగా వచ్చే ఇబ్బంది. సిలిండరు విప్పేసి, హీటరు పూర్తిగా చల్లారాక గాలి ఊది శుభ్రం చేయాలి. సూదితోనో తీగతోనో పొడవకూడదు. గ్యాస్ వచ్చే రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా మంట తీరు మారిపోతుంది.

మరొక సంగతి, ఇలాంటి హీటర్లలో ఒరిగితే ఆపేసే మీట ఒకటి ఉంటుంది. మంచు మీద నేరుగా పెట్టిన హీటరు కింద వేడికి మంచు కరిగి, అది తెలియకుండానే ఒక పక్కకు వాలుతుంది. కింద ఒక చెక్కపలక వేస్తే చాలు.

అరగంట మండి ఆరడం వేరే సంగతి, దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. మంట క్రమంగా చిన్నదవుతూ సిలిండరు పైన మంచుపొర కనిపిస్తే కారణం సిలిండరులోనే ఉంది. ద్రవరూపంలో ఉన్న ప్రొపేన్ ఆవిరవుతూ తన చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది, దానితో సిలిండరు బయటి గాలికన్నా చల్లబడి, లోపలి ఒత్తిడి పడిపోతుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది కాబట్టి మిన్నెసోటా చలిలోనూ పనిచేస్తుంది, కానీ అర కిలోకు కాస్త తక్కువ గ్యాస్ పట్టే చిన్న సిలిండరు, అందులోనూ సగం ఖాళీ అయినది, హీటరు పెద్ద మంటకు సరిపడా గ్యాస్‌ను ఇవ్వలేదు. మంట తగ్గించడం, మరో సిలిండరును వెచ్చని చోట ఉంచి మార్చుకోవడం మంచిది. సిలిండరుకు మంట చూపడం ప్రాణాంతకం. అతను పెద్ద సిలిండరును రబ్బరు గొట్టంతో తగిలిస్తుంటే, గొట్టం లోపలి నుంచి వచ్చే జిడ్డు రెగ్యులేటరులో చేరి దారి మూసేయవచ్చు. దానికి విడిగా ఫిల్టరు దొరుకుతుంది.

మంట బాగా మండుతూ ఉన్నట్టుండి ఆరిపోతే మాత్రం గుడారంలో గాలి తక్కువైందని అర్థం చేసుకోవాలి. గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ దాదాపు 18 శాతానికి తగ్గినప్పుడు పైలట్ మంట థర్మోకపుల్‌ను వదిలి పైకి లేచేలా ఆ పైలట్‌ను తయారుచేస్తారు. కడ్డీ చల్లారి గ్యాస్ ఆగిపోతుంది. స్నేహితుడు తీసేయమన్నది దీన్నే. తేల్చుకోవడానికి అదే హీటరును గాలి విసురు తగలని చోట ఆరుబయట మండించి చూడాలి. బయట ఆగకుండా మండి, గుడారంలో ఆరితే హీటరులో ఏ లోపమూ లేదు. చలిగాలి రాకుండా గుడారం అంచుల చుట్టూ మంచు ఎగదోసి పూడ్చేయడం అక్కడ అలవాటు. కింద ఒకటి, పైన ఒకటి గాలి దారులు తెరిచి ఉంచాల్సిందే. అర కిలో ప్రొపేన్ మండితే ముప్పావు లీటరుకు పైగా నీరు ఆవిరిగా వెలువడుతుంది. గుడారం గోడలు తడిసి కారుతుంటే లోపలి గాలి బయటికి పోవడం లేదనడానికి అదొక గుర్తు.

ఆక్సిజన్ చాలక మండినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, వికారం, మత్తు వచ్చేసరికి లేచి బయటికి నడిచే ఓపిక ఉండకపోవచ్చు. మన వైపు పొట్టంగి, సెమిలిగుడల చలికి తలుపులు బిగించుకుని బొగ్గుల కుంపటి పక్కన పడుకోవడమూ ఇదే ప్రమాదం; కుంపటికి ఆపే సెన్సరు కూడా ఉండదు. మీ అబ్బాయిని బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడు అలారం కొనుక్కోమనండి, హీటరు వెలుగుతుండగా నిద్రపోవద్దని చెప్పండి.

ఇక ఆ హీటరును ఇక్కడికి తేవడం గురించి. గ్యాస్ ఉన్న సిలిండరును విమానంలో రానివ్వరు. హీటరు ఒక్కటే వచ్చినా దాని మర అక్కడి చిన్న సిలిండరుకు సరిపోయేది, మన 14.2 కిలోల సిలిండరుకు పట్టదు. ఎవరో కుదిర్చి ఇచ్చిన అడాప్టరుతో బిగించడం ఇంకా ప్రమాదం; అది ప్రొపేన్ కోసం చేసిన బర్నరు, మన ఇళ్లకు వచ్చేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాస్. పైగా వంటకు ఇచ్చిన సిలిండరును ఇతర పనులకు వాడటం నిబంధనలకు విరుద్ధం. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. చలికాలం తెల్లవారుజామున, సిలిండరు అడుగంటే రోజుల్లో మీ ఇంట్లో పొయ్యి మంట తగ్గడానికీ ఇదే కారణం: ప్రొపేన్ ముందుగా పోయి, బరువైన బ్యూటేన్ మిగులుతుంది. అప్పుడు సిలిండరును పడుకోబెట్టడం గానీ, వేడినీళ్లలో పెట్టడం గానీ చేయకండి; పడుకోబెడితే గొట్టంలోకి ద్రవమే వచ్చేస్తుంది.

కొలాబ్ ఒడ్డున గుడారం లోపల ఏ మంటా వద్దు. గాలివాటు చూసుకుని గుడారానికి దూరంగా నెగడు వేసుకోండి, లోపల రగ్గులతో సరిపెట్టుకోండి. ఇంట్లో ఎప్పుడైనా గ్యాస్ వాసన వస్తే, అది గాలికన్నా బరువై నేల మీదే పరుచుకుంటుంది కనుక స్విచ్చులు ముట్టకుండా తలుపులు తెరిచి, రెగ్యులేటరు కట్టేసి, బయటికి వచ్చాక 1906 నంబరుకు ఫోను చేయండి.