గార్డెనింగ్ క్లబ్బు సమావేశాలకు వెళ్తే ఉపయోగం ఉంటుందా?

వసంతకాలంలో జరిగే క్లబ్బు సమావేశాల్లో మొక్కల గురించి ఏమైనా తెలుస్తుందా, లేక కబుర్లతోనే సరిపోతుందా అని అడిగారు. కబుర్లతోనే సరిపోతుంది. అయినా వెళ్లండి. కాకపోతే మీ మొక్కల్లో అందరికన్నా అందగత్తెను ఇంట్లోనే ఉంచి, మీ పరువు తీసేదాన్ని పట్టుకెళ్లండి.

నేను చేరిన మొదటి రెండేళ్లలో అక్కడ నేర్చుకున్నది సున్న. ప్రతి ఒక్కరూ నిగనిగలాడే కుండీ తెచ్చి బల్ల మీద పెడతారు. ఎలా పెంచారండీ అంటే, "ఏమీ చేయను, గుర్తొచ్చినప్పుడు నీళ్లు పోస్తాను, అంతే" అంటారు. ఈ మాట అనేవాళ్లను అస్సలు నమ్మకండి. రోజూ మూడు సార్లు మట్టిలో వేలు పెట్టి చూసేవాళ్లే ఇలా అంటారు.

మూడో ఏడు నేను తీసుకెళ్లింది ఒక స్నేక్ ప్లాంట్, అదే కత్తుల్లాంటి ఆకులు నిటారుగా నిలబడే కుండీ మొక్క. అంతకుముందు వసంతంలో క్లబ్బులోని ఒక పెద్దావిడ, పసుపు అంచున్న తన మొక్క నుంచి పొడవాటి ఆకు ఒకటి నాకిచ్చారు. ఇంటికెళ్లి దాన్ని నాలుగు ముక్కలు చేసి నాటాను. రెండు కుళ్లిపోయాయి. తలకిందులుగా నాటితే ఆ ముక్కలు వేళ్లు వేయవని నాకప్పటికి తెలియదు. మిగిలిన రెండూ బతికి, కొన్ని నెలలకు పిలకలు వేశాయి. అన్నీ పచ్చగా, ఆరోగ్యంగా ఉన్నాయి. పసుపు అంచు మాత్రం ఒక్కదానికీ లేదు.

ఎరువు మార్చాను. ఎండలో పెట్టాను. తర్వాత ఆవిడ మీద అనుమానం వచ్చింది. మంచిది తనకుంచుకుని, లోపమున్న ఆకును నాకు అంటగట్టారని మళ్లీ సమావేశం వచ్చేదాకా మనసులో సాధిస్తూనే ఉన్నాను.

సమావేశంలో కుండీ తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టి, "మీ మొక్కకు అంచు ఉంది, దాని పిల్లలకు లేదు. ఎందుకండీ?" అన్నాను. ఈలోగా ఒకాయన కల్పించుకుని, స్నేక్ ప్లాంట్‌ను శాస్త్రీయంగా శాన్సెవేరియా అనకూడదనీ, 2017 నుంచి దీన్ని డ్రసీనా అనే మొక్కల ప్రజాతిలో కలిపేశారనీ చెప్పడం మొదలుపెట్టారు. ప్రతి క్లబ్బులోనూ ఇలాంటివారు ఒకరుంటారు. ఆయన చెప్పేది నిజమే, అదే అసలు బాధ.

ఆయన అయ్యేదాకా ఆగి ఆవిడ అడిగారు: "ఆకు అడుగున చిన్న దుంప ముక్క ఉంచి ఇచ్చాను కదా బాబూ, దాన్నేం చేశావు?"

మట్టి కొట్టుకుని ఉందని కోసి పారేశాను.

బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఆవిడ తన కుండీని బోర్లించి, దుంపను చూపిస్తూ చెప్పారు. ఆ మొక్కలో రెండు రకాల కణాలు పక్కపక్కనే ఉంటాయట. అంచులో పచ్చదనం చేయలేనివి, లోపల చేయగలిగినవి. ఆకు ముక్క నుంచి కొత్తగా పుట్టే మొగ్గ లోపలి కణాల నుంచి వస్తుంది కాబట్టి పిల్ల పచ్చగానే ఉంటుంది. దుంప మీది మొగ్గలో రెండు రకాలూ ఉంటాయి. అందుకే దుంపతో సహా పిలకను విడదీసి నాటితేనే అంచు నిలుస్తుంది. వాతావరణం వేడెక్కి, వేళ్లు చురుగ్గా పెరిగే ఈ కాలంలో ఆ కోత త్వరగా మానుతుంది. సమావేశాలు వసంతంలో పెట్టడానికి నాకు తెలిసి ఇంతకు మించిన కారణం లేదు. అధ్యక్షుల వారి ముప్పావుగంట ఉపన్యాసం మాత్రం ఏ కాలంలో పెట్టినా ఒకటే.

ఆవిడ అక్కడికక్కడే కత్తితో ఒక పిలక కోసి, కోత ఆరేదాకా రెండు రోజులు నాటవద్దని చెప్పి ఇచ్చారు.

ఇంకో విషయం. క్లబ్బులో ఇచ్చిపుచ్చుకునే మొక్కలను నేరుగా మీ మొక్కల మధ్య పెట్టకండి. మూడు వారాలైనా దూరంగా ఉంచండి. ఆవిడిచ్చిన పిలకకు పసుపు అంచు చక్కగా వచ్చింది. దాంతో పాటు ఆకుల మొదట్లో దూదిలా పిండినల్లి అనే పురుగు కూడా వచ్చింది. స్పిరిట్‌లో ముంచిన దూదితో నెల రోజులు తుడిచాను.

తర్వాతి సమావేశానికి ఆ కుండీనే తీసుకెళ్లాను. ఆవిడ దాన్ని పైకెత్తి, ఆకుల సందుల్లోకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా తన కుండీలను బల్ల అవతలి చివరకు జరుపుకున్నారు.